నెలాఖరుకల్లా నయం

మా బెస్‌తెరెక్ జిల్లాలో జూదం జబ్బు నవంబరు నెలాఖరుకల్లా సమూలంగా నయమైపోతుందని ఉప అకీమ్ తిలెగెన్ గారు సాంస్కృతిక భవనం వేదిక మీద నుంచి ప్రకటించారు. జిల్లాలో అలాంటి జబ్బొకటి ఉందని పైఆఫీసు వారు ఆయనకు చెప్పింది ఆ రోజు పొద్దున్నే. సాయంత్రానికల్లా అది నయమయ్యే తేదీ కూడా చెప్పగలిగిన అధికారిని నేను మరెక్కడా చూడలేదు. గౌరవం కొద్దీ ఆయన్ను మేమందరం తిలెకే అంటాం. జిల్లాను అకీమ్ గారు పాలిస్తారు. ఆయన అలసిపోయినప్పుడు తిలెకే పాలిస్తారు. అకీమ్ గారు తరచుగా అలసిపోతుంటారు.

"జూదగాణ్ణి తిట్టకండి. అతను దొంగ కాదు, రోగి. గుండెజబ్బు వచ్చినవాణ్ణి తిడతామా?" అన్నారు తిలెకే. అందులో ప్రతి మాటా నిజమే. నిజం చెప్పేటప్పుడు కూడా ఆయన ముఖంలో ఏ మార్పూ రాకపోవడం నాకు బాగా నచ్చింది.

భవనంలోని బిలియర్డ్స్ గదిలో చికిత్సా కేంద్రం తెరిచారు. బల్ల సర్కారు ఆస్తి కాబట్టి కదిలించడానికి వీల్లేదని, దాని మీద తెల్లటి దుప్పటి పరిచి టీకప్పులూ, నూనెలో వేయించిన బావుర్సాకులూ పెట్టారు. నగరం నుంచి రైహాన్ అనే డాక్టరమ్మను పంపారు. ఆమె ఈ జబ్బు గురించే ప్రత్యేకంగా చదువుకొని వచ్చింది. మొత్తం పథకంలో జరిగిన పొరపాటు అదొక్కటే.

కేంద్రం తెరిచారు గానీ రోగి అన్నవాడు ఒక్కడూ రాలేదు. ఫోనులో పందేలు కాసేవాళ్ళు మా ఊళ్ళో లేరని కాదు. అల్లుణ్ణి కుక్క కరిచిందని చెప్పుకుంటారు, కాలు విరిగిందని చెప్పుకుంటారు, ఇది మాత్రం చెప్పుకోరు. పరువు పోతుందని భయం. తిలెకే ఈ చిక్కును ఒక్క పూటలో విప్పేశారు. రోగిని గౌరవించాలని మనమే అన్నాం కాబట్టి రోగి ముందు గౌరవనీయుడై ఉండాలన్నారు. కేంద్రంలో చేరాలంటే ఉద్యోగం చేసే చోట మంచి నడవడిక ఉన్నట్టు పత్రం తేవాలి. ఎవరికీ బాకీ ఉండకూడదు. అతను పందెం కాయగా ఎన్నడూ చూడలేదని వీధిలో పెద్దమనుషులు చెప్పాలి.

ఈ షరతులకు నిలబడినవాళ్ళు జిల్లా మొత్తం మీద బడి పంతుళ్ళూ, నర్సులూ, లైబ్రరీలో పనిచేసే ఆవిడా మాత్రమే. నేను రెండో నంబరు బడిలో వ్యాయామం మాస్టారిని. శనివారం వీధులు ఊడవమన్నా, ఎన్నికల్లో జెండా పట్టుకోమన్నా కాదనని మనిషిని. అందుకని మా హెడ్మిస్ట్రెస్ నన్ను రోగిగా ఎంపిక చేసింది. నాకు జబ్బుందన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధిలో ఉండే కుల్జిపా వదిన తన భర్తను చెయ్యి పట్టుకుని కేంద్రానికి తీసుకొచ్చింది. జుమతాయ్ మంచి వెల్డరు. ఐస్‌లాండ్ ఎక్కడుందో అతనికి తెలియదు గానీ, అక్కడి రెండో డివిజన్ ఫుట్‌బాల్ జట్ల గోల్‌కీపర్లలో ఎవరికి మోకాలు నొప్పో తెలుసు. ముందు వెల్డింగ్ యంత్రం పోయింది. తర్వాత చలికాలం మాంసానికని ఏడాదంతా మేపిన గుర్రం పోయింది. తోడేళ్ళు తినేశాయని ఇంట్లో చెప్పాడు. సంతలో ఒక తోడేలు ఆ గుర్రాన్ని తూకం వేసి అమ్ముతూ వదిన కంటబడింది. ఇక మిగిలింది ఇల్లొక్కటే. అది వదిన వాళ్ళ నాన్న ఆమె పేర కొని ఇచ్చినది. పిల్లలున్న ఇల్లు కూడా పోతుందని ఆమె భయం.

తిలెకే వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇప్పించారు. తర్వాత బాకీలున్నాయా అని అడిగారు. ఉన్నాయంది వదిన. తిలెకే జాలిగా తల ఊపి, ముందు బాకీలన్నీ తీర్చేసి వస్తే తప్పకుండా రోగిగా గుర్తిస్తామన్నారు. బాకీలు తీర్చగలిగేవాడైతే ఇక్కడికి ఎందుకొస్తామని వదిన అడిగింది. ఇలాంటి వాదన వల్లే దేశం వెనకబడుతోందన్నారు తిలెకే. జుమతాయ్ తల వంచుకుని టీకప్పు కింద దుప్పటిని వేలితో సర్దుతూ కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, పక్కనే ఉన్న నేను వదిన తరఫున ఓ మాట అందామనుకున్నాను. కానీ రోగులకు మాట్లాడే అధికారం లేదు.

కేంద్రంలో మా పని గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరే లేచి తమ వ్యసనం గురించి చెప్పుకోవడం. కెమిస్ట్రీ టీచరు చిన్నప్పుడు గొర్రె కీలెముకలాటలో తమ్ముణ్ణి మోసం చేశానని చెప్పింది. లైబ్రరీ ఆవిడ లాటరీ టిక్కెట్టు కొందామనుకుని, మనసు మార్చుకుని సబ్బు కొన్నానంది. నేను ఒకసారి రిఫరీగా ఉండి మా బడికి లేని పెనాల్టీ ఇచ్చానని ఒప్పుకున్నాను. రైహాన్ డాక్టరమ్మ మూడో వారానికి తలనొప్పి మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టింది.

ఇంతలో రాజధాని నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురు. మా ఒప్పుకోళ్ళు విని తిలెకే ముఖం మాడిపోయింది. "మాస్టారూ, ఇందులో కన్నీళ్ళేవి? మనసు కదిలించే రోగిని ఒక్కణ్ణయినా పట్టుకురండి" అని నాకు పురమాయించారు. నేను పరుగున పోయి జుమతాయ్‌ని పట్టుకొచ్చాను. బాకీల షరతును తిలెకే తనిఖీ అయ్యేదాకా పక్కన పెట్టారు.

ఆ రోజు జుమతాయ్ లేచి నిలబడి గొంతు పెంచకుండా చెప్పాడు. గెలిచిన రోజు కంటే ఓడిన రోజే ఎక్కువ ఆడాలనిపిస్తుందన్నాడు. పోయింది తిరిగి తెచ్చుకుంటే ఆపేద్దామనే ఆడతానని, అది తిరిగి రాదని తెలిసి కూడా చెయ్యి ఆగదన్నాడు. కూతురు స్కూలు బూట్ల కోసం దాచినది కూడా తీశానన్నాడు. బృందం నాయకుడు కళ్ళు తుడుచుకుని, ఇంత సహజంగా నటించేవాణ్ణి ఏ జిల్లాలోనూ చూడలేదని తిలెకే చెవిలో మెచ్చుకున్నాడు.

అలా జుమతాయ్ అసలు రోగి అయ్యాడు. కేంద్రంలో చేరినవాళ్ళ పేర్లు పందేల కంపెనీలకూ, అప్పులిచ్చేవాళ్ళకూ పంపిస్తారు. ఇక ఆ పేరు మీద ఎవరూ పందెం తీసుకోకూడదు, అప్పివ్వకూడదు. డాక్టరమ్మ మమ్మల్ని టీ తాగమని చెప్పి రోజూ అతనొక్కడితోనే గంటల తరబడి మాట్లాడేది. వదినను కూడా పిలిచి మాట్లాడేది. ఆడాలనే ఆరాటం వచ్చినప్పుడు ఎవరికి ఫోను చెయ్యాలో, ఎలా బయటపడాలో నేర్పింది. మళ్ళీ జారినా అది పాపం కాదు, జబ్బు లక్షణమంది. కనీసం ఏడాది పడుతుందంది. జుమతాయ్ అరువు యంత్రంతో వెల్డింగ్ మొదలుపెట్టాడు. వాళ్ళింటి పొయ్యిగొట్టం బాగుచేశాడు. చాన్నాళ్ళకు వదిన వీధిలో నిలబడి నాతో నవ్వుతూ మాట్లాడింది.

నవంబరు నెలాఖరు వచ్చేసింది. తిలెకే మాట తప్పే మనిషి కాదు. శుక్రవారం అందరికీ నయమవుతుందని నోటీసు అంటించారు. జుమతాయ్‌కి అప్పుడే కాదని డాక్టరమ్మ అడ్డుపడింది. తిలెకే నొచ్చుకున్నారు. పంతుళ్ళందరికీ అదే మందుతో నయమైంది కదా, అతనొక్కడికీ ఎందుకు కాదు, బద్ధకమా అని అడిగారు. డాక్టరమ్మ ఇంకో తలనొప్పి మాత్ర వేసుకుంది.

శుక్రవారం బ్యాండు వాయించారు. అకీమ్ గారు అలసట లేకుండా వచ్చారు. కోలుకున్న పౌరులకు సకల హక్కులూ తిరిగి ఇస్తున్నట్టు చదివి, అందరి పేర్ల మీదా ఉన్న నిషేధం ఎత్తేశారు. జుమతాయ్‌ని మొదట పిలిచి భుజాల మీద చపాన్ అనే బంగారు అంచు పొడవాటి అంగీ కప్పారు. అతను తిలెకే చెయ్యి పట్టుకుని, "అన్నా, నాకింకా నయం కాలేదు. ఇప్పుడే వదిలిపెట్టకండి" అన్నాడు. మైకు దగ్గరగా ఉండడంతో అందరికీ వినబడింది. "చూశారా, ఎంత వినయమో" అన్నారు తిలెకే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మా జిల్లాకు మొదటి బహుమతి వచ్చింది. చపాన్ వారం తిరక్కుండా అమ్ముడైంది. బహుమతి వచ్చింది కాబట్టి డిసెంబరులో రెండో విడత ప్రకటించారు. నాకు జబ్బు తిరగబెట్టిందని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

నేను చేరడానికి వెళ్ళిన పూట తిలెకే గదిలో కుల్జిపా వదిన నిలబడి ఉంది. భర్తను మళ్ళీ చేర్చుకోమని అడుగుతోంది. తిలెకే ఎంతో ఓపికగా వివరించారు. జుమతాయ్‌కి నయమైందని రాజధాని అస్తానాకు రాశారు. ఇప్పుడు అతను రోగి అంటే దేశ స్థాయిలో లెక్క చెడుతుంది. నయమైన మనిషిని రోగి అనడం అతన్ని అవమానించడం కూడా. ఇవాళ్టి సమాజంలో రోగిని అవమానించకూడదు.

"అయితే నన్ను చేర్చుకోండి" అంది వదిన.

"నువ్వు కూడా ఆడతావా చెల్లెమ్మా?"

"ఆడను. పాత బాకీలు చూసి ఆయనకిప్పుడు బయట ఎవరూ అప్పివ్వట్లేదు. నేను పాలు పితికి వచ్చేలోగా నా ఫోను తీసి, నా పేరు మీద అప్పు తెస్తున్నాడు. రోగినైతే నా పేరన్నా మూతబడుతుంది కదా. ఇల్లు నా పేరనే ఉంది, అన్నా."

తిలెకే ముఖం వెలిగిపోయింది. రెండో విడతలో ఇల్లాళ్ళ కోటా తక్కువైందని పైనుంచి చీవాట్లు తింటున్నారట. మంచి నడవడిక, పిల్లల తల్లి, ఒక్క పందెం కూడా కాయని మనిషి, ఇంతకంటే మంచి రోగి ఎక్కడ దొరుకుతుందని నన్నే అడిగారు. బాకీల షరతు ఈసారి ఆయనకు గుర్తు రాలేదు. ఆ క్షణంలోనే ఆమె పేరు పంపించేశారు.

ఇప్పుడు వదిన మా గుండ్రంలో నా పక్కనే కూర్చుంటోంది. నిన్న ఆమె వంతు వచ్చింది. తన ఇంట్లో నుంచి ఏమేం పోయాయో, ఏ వస్తువు తర్వాత ఏది పోయిందో చెప్పింది. కూతురి బూట్ల దాకా వచ్చి ఆగిపోయింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. గుమ్మంలో నుంచి చూస్తున్న తిలెకే, మొదటి విడత కంటే ఈసారి నాణ్యత పెరిగిందని సంతోషించారు.

వదిన ఒక్కటే అడిగింది, తనను ఏడాదైనా రోగిగా ఉంచమని. కుదరదన్నారు తిలెకే. అకీమ్ గారి ప్రయాణం ఉంది కాబట్టి ఈసారి తేదీ ముందుకు జరిపారు. వచ్చే శుక్రవారం ఆమెకు నయమవుతుంది.