తెల్ల జెర్సీలకు నీలిమందు

శనివారం పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ దేవమణి భర్తకు పనులు అప్పగించింది. "జెర్సీలు ఉతకండి. ఆరబెట్టండి. మధ్యాహ్నం గ్రౌండుకి పట్టుకురండి. సొంత తెలివి మాత్రం వాడకండి." ఆఖరి ముక్క జయరాజు సరిగా వినలేదు.

బెల్‌ఫాస్ట్‌కి అవతల ఉన్న ఆ చిన్న ఊరికి గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్బే ప్రాణం. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, ఎదుటివాళ్లను భుజంతో నెట్టనూ వచ్చు. క్లబ్బులో తల్లులకూ ఒక టీముంది. వాళ్ల జెర్సీలు ఉతికే పని ఇంటింటికీ వంతులవారీగా తిరుగుతుంది. సీజనంతా బెంచీ మీదే గడిపిన నర్సు దేవమణికి పక్కూరితో ఫైనల్లో తొలిసారి ఆడే అవకాశం వచ్చింది. ఉతికే వంతూ అదే వారం వచ్చిపడింది.

జెర్సీలు తెల్లటి నూలువి. గుంటూరులో పెరిగిన జయరాజుకు నీలిమందు పెట్టని తెల్లబట్ట ఉతికినట్టే లెక్కకాదు. ఊరి నుంచి తెచ్చిన సీసా తీశాడు. ఈ దేశంలో ఎండ ఎలాగూ లేదు కదా అని ఇంకాస్త పోశాడు. చేయి జారి మిగతాదీ పడింది.

మెషీన్లోంచి నీలం జెర్సీలు వచ్చాయి. జయరాజు వెంటనే బావమరిది ఆండ్రూకి ఫోన్ చేశాడు.

"బాగా వేడినీళ్లలో పెట్టు బావా, దెబ్బకి వదుల్తది" అన్నాడు ఆండ్రూ.

రంగు వదల్లేదు. అక్కడక్కడా ఉన్న తెలుపు కూడా నీలంలో కలిసిపోయింది.

గ్రౌండులో కోచ్ ఊనా సంచీ విప్పి, ఒక్కో జెర్సీ బయటికి తీసి చూసింది. పక్కూరి జట్టుదీ నీలమే. "ఇద్దరూ ఒకే రంగులో ఆడటానికి వీల్లేదు" అన్నాడు రిఫరీ. మ్యాచ్ వదులుకోవాల్సి వస్తుందేమోనని ఆడవాళ్లంతా దేవమణి వైపు చూశారు. ఆమె భర్త వైపు చూసింది.

"ఏవండీ, ఇదేంటి?"

"తెల్లగా ఉంటాయని..."

"ఇంటికి పదండి, చెప్తా." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. జయరాజుకు తల కొట్టేసినట్టయింది.

అదృష్టవశాత్తు పక్కూరివాళ్ల బస్సులో ఇంకో సెట్టు జెర్సీలున్నాయి. తెల్లవి. వాళ్లు గొణుక్కుంటూ మార్చుకున్నారు, ఆట మొదలైంది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఏళ్ల తరబడి తెల్ల జెర్సీకే బంతి అందించిన మన ఊరివాళ్లు అలవాటు కొద్దీ వెళ్లి శత్రువుల చేతిలో పెట్టసాగారు. గట్టు మీది ముసలివాళ్లు అవతలి జట్టు పాయింటుకి చప్పట్లు కొట్టి నాలుక కరుచుకున్నారు. ఆట ముగిసేవేళకు మన జట్టు రెండు పాయింట్లు వెనకబడింది. జయరాజు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు.

అదే అలవాటు అవతలివాళ్లకూ ఉందని ఎవరూ ఆలోచించలేదు. గోలు ముందు చుట్టుముట్టేసరికి వాళ్ల డిఫెండర్ కంగారుపడి, దగ్గర్లో కనిపించిన నీలం జెర్సీకి బంతి భద్రంగా అందించింది. అందులో ఉన్నది దేవమణి. ఆమె ఆలోచించలేదు, తన్నింది. బంతి నెట్‌లో పడింది. గోలంటే మూడు పాయింట్లు. విజిల్ మోగింది.

ఊనా పరుగున వచ్చి జయరాజును వాటేసుకుంది. దేవమణి కూడా వచ్చింది, నవ్వు ఆపుకోలేక. "ఇంటికెళ్లాక తిడతాలెండి. ఇప్పుడు ఫోటో తియ్యండి."

సోమవారం ఉదయం వాళ్ల గుమ్మం ముందు ఒక సంచీ నిండా నీలం జెర్సీలున్నాయి. పక్కూరి క్లబ్బు పంపిన చీటీలో, తమకు నీలం ఇక అచ్చిరాదనీ, వీలైతే వేరే రంగులో ఉతికి పెట్టమనీ ఉంది.