నీళ్లకు అడ్డు లేదు

ఆ రోజు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు జూనియరమ్మకు ఉన్న పని ఒక్కటే. ఆఫీసరుగారి చేత ఒక సంతకం పెట్టించుకోవాలి. పదిన్నరకు సంతకం, పదకొండుకు నకలు, మూడింటికి తపాలా సంచిలో కాగితం, ఆ తర్వాత హాయిగా ఒక కప్పు టీ. ఇంత చిన్న పనికి దేవుడు కూడా అడ్డం రాడని ఆవిడ నమ్మకం. నిజం చెప్పాలంటే దేవుడు రాలేదు.

ఆ కాగితం బదిలీ దరఖాస్తు. ఆరేళ్లుగా భర్త ఒక ఊళ్లో, ఈవిడ ఒక ఊళ్లో. ఆయన అన్నం వండితే ఈ ఆరేళ్లలోనూ ఒక రోజు జావ అయ్యేది, ఒక రోజు బియ్యంలాగే ఉండేది. ఎన్నాళ్లకో ఆ ఊళ్లోని గుమాస్తా ఒకాయన ఇక్కడికి రావడానికి ఒప్పుకున్నాడు. ఆయన కాగితం మీద సంతకం అయిపోయింది కూడా. ఈవిడ కాగితం ఈ రోజు సంచిలో వెళ్లకపోతే మళ్లీ రెండేళ్ల దాకా బదిలీల ఊసే ఉండదు.

పదహారేళ్ల సర్వీసు ఉన్నా ఆవిడను అందరూ జూనియరమ్మ అనే పిలుస్తారు. చేరిన రోజున ఎవరో పిలిచారు. పిలిచినవాళ్లు రిటైరై వెళ్లిపోయారు గాని పిలుపు మాత్రం ఉండిపోయింది. ఇక ఆ ఆఫీసు పని ఇళ్లకు నంబర్లు ఇవ్వడం. ఒక వీధిలో పదిహేడు తర్వాత పంతొమ్మిది వస్తే మధ్యలో పద్దెనిమిది ఏమైందో కనుక్కునే బాధ్యత వాళ్లది. కనుక్కున్న సందర్భాలు తక్కువ.

పది గంటలకు ఆఫీసరుగారు అందరినీ హాల్లోకి పిలిచారు. ఆయన మూడు రోజుల శిక్షణకు వెళ్లి ముందు రోజు సాయంత్రమే తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు ఒక్క పెట్టెతో వెళ్లిన మనిషి, వచ్చేటప్పుడు ఒక ఫోల్డరు, ఒక రంగు పెన్సిళ్ల డబ్బా, కళ్లల్లో ఒక వెలుగు తెచ్చుకున్నారు. ఆ వెలుగు చూడగానే పాత గుమాస్తాల గుండె గుభేలుమంది.

"ఇన్నాళ్లూ మనం ఆఫీసు అనుకుంటున్నది అసలు ఆఫీసే కాదు" అన్నారాయన.

గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అనుమానం వాళ్లకు మొదటి నుంచీ ఉంది.

"ఇదొక జీవకణం! ఇదిగో, నా గది చుట్టూ ఈ ప్లైవుడ్ అడ్డగోడ ఉంది చూశారా? ఇది కణత్వచం. అంటే కణం చుట్టూ ఉండే పల్చటి పొర. లోపల నా బల్ల కేంద్రకం. బీరువాలు రిక్తికలు, అంటే కణం సరుకు దాచుకునే సంచులు. టీ కాచే పిన్ని మైటోకాండ్రియా."

"ఎవర్నైనా అనండి బాబూ, నన్ను మాత్రం అలాంటి మాటలు అనొద్దు" అంది టీ పిన్ని.

"తిట్టు కాదు పిన్నీ. కణానికి శక్తినిచ్చేది అదే."

"మరి మేం సార్?" అని అడిగింది జూనియరమ్మ.

ఆఫీసరుగారు ఫోల్డరు తిరగేశారు. "మీరు కణం బయట ఉండే ద్రవం" అన్నారు.

పొర గొప్పతనం ఏమిటంటే దానికి విచక్షణ ఉంటుందట. దేన్ని రానివ్వాలో, దేన్ని ఆపాలో దానికి తెలుసట. ఆఫీసులో ఇన్నాళ్లూ లేనిది ఆ విచక్షణేనని ఆయన తేల్చి, గది గుమ్మానికి ఒక చార్టు అంటించారు. నీళ్లకు, గాలికి అడ్డు లేదు, ఎప్పుడైనా వెళ్లొచ్చు. పెద్ద పదార్థాలు వాహకం ద్వారానే, వరసలోనే వెళ్లాలి. బయటికి వెళ్లవలసింది చెత్త మాత్రమే. కింది నుంచి పైకి వెళ్లే ప్రతి కాగితానికీ శక్తి కావాలి కాబట్టి ముందుగా శక్తి మంజూరు పత్రం జతచెయ్యాలి. ఆ పత్రం మీద ఆఫీసరుగారి సంతకం ఉండాలి. ఆఫీసరుగారు లోపల ఉంటారు.

వాహకం అంటే పొర దాటించేది, అదెవరంటే జవాను. ఇరవై రెండేళ్లుగా ఆ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడిన మనిషి. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆయన కాళ్లు దాటుకుని వెళ్లేవారే తప్ప ఏనాడూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి చొక్కాకు ఆఫీసరుగారు స్వయంగా ఒక అట్టముక్క గుచ్చారు. దాని మీద ఎర్ర సిరాతో 'వాహకం' అని రాసి ఉంది. జవాను ఒకసారి గుండెల మీదికి చూసుకుని మీసం సర్దుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆయన మళ్లీ కునకలేదు.

పదిన్నరకు జూనియరమ్మ కాగితం పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, ఒక్క సంతకం. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

"ఈ రోజుకి బాబాయ్ లేడమ్మా" అన్నాడు జవాను గంభీరంగా. "వాహకం ఉన్నాడు. శక్తి పత్రం ఉందా?"

"దానికి సంతకం కావాలి కదా! సంతకానికి లోపలికి వెళ్లాలి కదా!"

"ఔను."

"లోపలికి వెళ్లాలంటే శక్తి పత్రం కావాలా?"

"ఔను. బాగా అర్థమైంది నీకు. పొద్దుట్నుంచీ ఎవరికీ ఇంత తొందరగా అర్థం కాలేదు."

"పోనీ నన్ను ఊరికే వెళ్లనీ."

జవాను చార్టు వైపు చూసి, ఆవిడ వైపు చూసి, మళ్లీ చార్టు వైపు చూశాడు. "పెద్ద పదార్థాలు సొంతంగా పోకూడదమ్మా."

"నేను పెద్ద పదార్థాన్నా?"

"నేనట్లేదు. చార్టు అంటోంది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు, పూజారికి అట్టముక్క కూడా ఇచ్చాడు. ఫోన్ మోగింది. భర్త.

"అయిందా?"

"అవుతుంది" అని పెట్టేసింది. ఆవిడకు కోపం, ఏడుపు కలిసి వస్తున్నాయి. ఆరేళ్లు ఆగిన మనిషికి నాలుగు గంటలు భరించలేనంత బరువుగా ఉన్నాయి.

పదకొండున్నరకు నీళ్ల క్యాన్లు తెచ్చే మనిషి భుజాన క్యానుతో వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. జవాను లేచి నిలబడి తలుపు బార్లా తీశాడు. క్యాను లోపలికి వెళ్లింది, మనిషి లోపలికి వెళ్లాడు, ఈల వేసుకుంటూ రెండో క్యాను కోసం వెళ్లబోతే మాత్రం జవాను ఆపేశాడు.

"బయటికి పోయేది చెత్త ఒక్కటే."

"కిందింకో క్యానుంది!"

"లోపలే ఉండు. ఆలోచిస్తా."

జూనియరమ్మ చెవికి మొదటి సగమే ఎక్కింది. నీళ్లకు అడ్డు లేదు. రెండో సగం కూడా ఎక్కి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. వెళ్లి కుళాయి దగ్గర ఒక గ్లాసుడు నీళ్లు పట్టుకుని, రెండో చేత్తో దరఖాస్తు పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది.

"ఏంటవి?" అన్నాడు జవాను.

"నీళ్లు."

"మరి నువ్వు?"

"నీళ్లు గ్లాసుతో వస్తాయి. గ్లాసు చేత్తో వస్తుంది. చెయ్యి నాతో వస్తుంది. కావాలంటే చెయ్యి ఒక్కదాన్నే పంపించు బాబాయ్."

జవాను మనసులో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి చట్టం గెలిచింది. తలుపు తీశాడు.

బయట బెంచీ మీద కూర్చున్న జనం ఇదంతా కళ్లార్పకుండా చూస్తున్నారు. అందులో రెండేళ్లుగా పద్దెనిమిదో నంబరు కోసం తిరుగుతున్న ఆసామీ ఒకాయన ఉన్నాడు. ఆయన లేచి కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన వెనక మరొకరు. సీసాలు, మగ్గులు, టిఫిన్ గిన్నెల మూతలు, చివరికి చీపుళ్ల గదిలోని బకెట్టు, దేంట్లో పడితే దాంట్లో నీళ్లు పట్టుకుని వరస కట్టారు. ఒకాయన కిటికీలోని పూలకుండీ తెచ్చి "మట్టిలో తడుంది, చూసుకో" అన్నాడు. జవాను వేలితో తడిమి చూసి పంపించాడు. చేతిలో ఏమీ లేని ముసలావిడ ఒకామె గుమ్మం దగ్గర ఆగి, "నా కళ్లల్లో నీళ్లున్నాయి నాయనా" అంది. జవాను వంగి చూశాడు. ఉన్నాయి. "ఇవీ నీళ్లే" అని ఆమె చెయ్యి పట్టుకుని మరీ లోపలికి దాటించాడు. ఆ రోజు మొత్తంలో ఆ ఆఫీసు చేసిన న్యాయం అదొక్కటే.

లోపల ఆఫీసరుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"చూశావా! ద్రవాభిసరణం!" అని బల్ల చరిచారు జూనియరమ్మను చూసి. "పొరకి ఏ పక్క సరుకు చిక్కగా ఉంటే నీళ్లు ఆ పక్కకి వాటంతటవే వచ్చేస్తాయి. నా గదిలో ఎన్ని ఫైళ్లున్నాయో చూడు. ఎంత చిక్కదనం! అందుకే వస్తున్నాయి."

"ఔను సార్. ఇక్కడొక సంతకం."

"ఉండు, నీకు బొమ్మ వేసి చెప్తాను." ఆయన ఆ దరఖాస్తు అందుకుని, వెనక్కి తిప్పి, ఎర్ర పెన్సిలుతో ఒక గుండ్రం గీశారు. మధ్యలో ఇంకో గుండ్రం. దాని లోపల 'నేను' అని రాశారు. చుట్టూ నీలం బాణాలు, పక్కన చిన్న టీ కెటిలు. బొమ్మ చాలా బాగా కుదిరింది. ముచ్చటపడి కింద సంతకం కూడా పెట్టారు.

"అదిగో నీ సంతకం!" అని కాగితం ఆవిడ చేతిలో పెట్టారు.

"అటు వైపు కాదు సార్, ఇటు..."

ఆ మాట పూర్తి కాకముందే బకెట్టుతో సహా పదహారు మంది లోపలికి వచ్చారు. జూనియరమ్మ బీరువా వైపు, ఆఫీసరుగారు కిటికీ వైపు కొట్టుకుపోయారు. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. వెళ్లేవాళ్లు లేరు, చార్టు ఒప్పుకోలేదు కాబట్టి. పన్నెండున్నరకు ఇరవై మంది, రెండింటికి నలభై మంది. గదిలో ఇసుక వేస్తే రాలడం లేదు. నీళ్ల క్యాన్ల మనిషి బల్ల మీదెక్కి కూర్చున్నాడు. జూనియరమ్మ దరఖాస్తును తడవకుండా నెత్తి మీదికెత్తి పట్టుకుని, జనం భుజాల మీదుగా అరిచింది.

"సార్! సంతకం!"

"చెయ్యి ఆడటం లేదమ్మా!" అన్నారు ఆఫీసరుగారు. నిజంగానే ఆడటం లేదు. ఒక చెయ్యి పూలకుండీ ఆసామీ చంక కింద, రెండోది బకెట్టులో ఇరుక్కున్నాయి.

ఆవిడ ఎలాగో నెట్టుకుంటూ గుమ్మం దాకా చేరింది. "బాబాయ్, నన్ను బయటికి పోనీ. నేను చెత్తనే అనుకో."

"ఆ మాట ఆఫీసరుగారు రాసివ్వాలమ్మా" అన్నాడు జవాను బాధగా. ఫోన్ మోగింది. భర్తేనని తెలుసు. ఎత్తడానికి ఈవిడకూ చెయ్యి ఆడలేదు. గోడ గడియారంలో రెండూ నలభై. ప్లైవుడ్ అడ్డగోడ కిర్రుమంది.

సరిగ్గా అప్పుడే పై అధికారి తనిఖీకి వచ్చారు. చెప్పకుండా రావడం ఆయనకు అలవాటు. మనిషి భారీగా ఉంటారు. నేరుగా గుమ్మంలోకి నడిచారు.

జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. "పెద్ద పదార్థాలు వరసలో రావాలి సార్."

"ఏమిటీ?"

"నీళ్లున్నాయా మీ దగ్గర?"

పై అధికారి మొహం కందగడ్డ అయింది. ముందు జాగ్రత్త తెలిసిన టీ పిన్ని పరుగున వచ్చి ఆయన చేతిలో టీ కప్పు పెట్టింది. ఆయన కప్పు పైకెత్తి చూపించారు. "ఇవి నీళ్లు కాదా?"

జవాను కప్పులోకి తొంగి చూశాడు. "చక్కెర ఉంది సార్. చక్కెర దానంతటది పోలేదు. వాహకం దాటించాలి."

"వాహకం ఎక్కడ?"

"నేనే సార్."

"అయితే దాటించు!"

"వరసలో మీ ముందు ఇద్దరున్నారు సార్."

ఆ ఇద్దరూ లోపలికి వెళ్లారు. లోపలికి వెళ్లినవాళ్లలో చివరివాళ్లు వాళ్లే. అడ్డగోడ మధ్యలో ఉబ్బింది. మేకులు ఒక్కొక్కటే టపటపా ఊడాయి. ఉత్త నీళ్లల్లో వేసిన కణం ఉబ్బి ఉబ్బి చివరికి పగిలిపోతుందని ఫోల్డరు ఆఖరి పేజీలో ఉంది. ఆఫీసరుగారు అంత దూరం చదవలేదు.

గోడ ఫెళ్లున హాల్లోకి పడింది. దాని వెనక నలభై రెండు మంది, సీసాలు, మగ్గులు, ఒక క్యాను, ఒక పూలకుండీ. పై అధికారికి దెబ్బ తగల్లేదు గాని పొడిగా ఉన్న చోటు కూడా మిగల్లేదు. ఆయన కాళ్ల దగ్గర జూనియరమ్మ మోకాళ్ల మీద పడి ఉంది. చెయ్యి మాత్రం ఇంకా పైకే ఉంది. చేతిలో పొడి కాగితం.

ఆయన దాన్ని లాక్కుని చూశారు. బొమ్మ ఉన్న వైపే ముందు కనబడింది. "ఈ 'నేను' ఎవరు?"

కిటికీ దగ్గర్నుంచి ఆఫీసరుగారు చెయ్యెత్తారు. బకెట్టు కూడా లేచింది.

"రెండో వైపు చూడండి సార్" అంది జూనియరమ్మ. "బదిలీ దరఖాస్తు. మూడింటికి సంచి వెళ్లిపోతుంది. మా ఆయన ఆరేళ్ల నుంచి..." నలభై మంది ముందు బావురుమంది.

పై అధికారి తిప్పి చదివారు. "సంతకానికి ఎప్పుడొచ్చావు?"

"పదిన్నరకి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, పక్కనున్న జవాను వీపు మీద కాగితం ఆనించి సంతకం పెట్టేశారు. రెండు క్షణాలు పట్టింది. తపాలా సంచి మూతి కడుతుండగా కాగితం అందులో పడింది. "అయింది" అని ఫోన్లో చెప్పింది. "ఇవాళ అన్నం కూడా బాగా కుదిరింది" అన్నాడు అవతల భర్త.

పై అధికారి ఆ సాయంత్రమే ఇంకో బదిలీ కాగితం మీద కూడా సంతకం చేశారని ఆఫీసంతా చెప్పుకున్నారు. ఆఫీసరుగారిది. ఎక్కడికో ఎవరికీ తెలియలేదు. ఎక్కడికైతేనేం, పీడ విరగడైందని అందరూ టీ తాగారు. జూనియరమ్మ రెండు కప్పులు తాగింది.

నెల తిరగ్గానే ఆవిడ కొత్త ఊళ్లో, కొత్త ఆఫీసులో చేరడానికి వెళ్లింది. భర్త వీధి మలుపు దాకా దిగబెట్టి వెళ్లాడు. ఆఫీసరు గది ముందు ఇసుక కుప్ప, ఇటుకలు, వాటి పక్కనే వరస కట్టిన జనం ఉన్నారు. తాపీమేస్త్రీ సగం గోడ లేపేశాడు. ఆ సగం గోడ మీదుగా తెలిసిన మొహం ఒకటి, తెలిసిన వెలుగుతో నవ్వింది.

"రా అమ్మా! పాత ఆఫీసులో పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసిపోయింది. జంతుకణానికి పొర ఒక్కటే, అందుకే పగిలింది. మొక్క కణానికి పొర బయట గట్టి గోడ కూడా ఉంటుంది. ఎన్ని నీళ్లొచ్చినా పగలదు!"

జూనియరమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసుకుని వరసలో నిలబడింది.