నిప్పుల డేగా, బూడిద ముద్దా

పుంజుని చూడగానే దాని జాతకం చెప్పేస్తానని నన్ను మునగచెట్టు ఎక్కించింది మీరే. ఈ చంద్రరావు ఎంచిన పుంజుకి తిరుగులేదని టీకొట్టు దగ్గర డప్పు కొట్టిందీ మీరే. అబ్బులూ, ఏసుపాదం, తలలు దించుకోకండి. ఇవాళ నా ఇంట్లో జరిగినదానికి మీరే బాధ్యులు.

రాజమండ్రిలో అద్దెవాటా. స్నానాలగదిలో పుంజుని పెంచడం నేరమా? నా భార్య వెంకటదుర్గ లెక్కలో నేరమే. తాను తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం బయట నిలబడితే, లోపల అది బాదంపప్పు తింటోందని ఆవిడ బాధ. పుంజో తానో తేల్చమంది.

అదే వారం ఆవిడ తమ్ముడు మా కంప్యూటర్లో ఒక ఆట ఎక్కించి పోయాడు. వింతజంతువుని ఎంచుకుని, పెంచి, కొట్లాడించాలి. ఇది మా తాతలనాటి విద్యేనని నోరు జారాను. దుర్గ పట్టేసుకుంది. ఆదివారం పోటీ. నేను గెలిస్తే పుంజు ఉంటుంది, ఓడితే పోతుంది.

నేను ఎర్రరెక్కల జంతువుని ఎంచాను. గోళ్ళు చూశాను, మెడ చూశాను. రంగు అచ్చం ఎర్ర ఈకల డేగ పుంజుదే. ఆ ఆదివారం డేగకే జయమని నా కోడిపంచాంగం చెబుతోంది. దుర్గ ఎంచింది మెడా కాళ్ళూ లేని బూడిదరంగు ముద్దని.

"గుమ్మానికి కట్టుకో, దిష్టికి పనికొస్తుంది" అన్నాను.

"మీరు రంగు చూసుకోండి. దెబ్బ తిన్నాక ఎంతసేపు నిలబడుతుందో నేను చూసుకుంటాను."

వారమంతా ఆ ముద్దని ఒక్కో జంతువు మీదికీ వదిలి, ఎవరి చేతిలో ఎంత దెబ్బ తిన్నదో క్యాలెండరు వెనక రాసుకుంది. నేను నా డేగ మెడ చూసుకుని మురిసిపోయాను.

పంచాంగం ప్రకారం ఆదివారం డేగని పడమటి నుంచి వదలాలి. కంప్యూటరు బల్ల ఈడ్చాను. వైరు చాల్లేదు. ఫ్రిజ్ ప్లగ్గు పీకి అందులో పెట్టాను. బల్ల స్నానాలగది గుమ్మానికి అడ్డం పడింది. లోపల పుంజు గోల.

నా డేగ లేచి నిప్పులు కక్కింది. ముద్ద సగమైంది. మీసం దువ్వాను. అయితే అంత నిప్పు కక్కాక ఒక వంతు వదులుకుని ఆయాసం తీర్చుకోవాలట. ఆ సంగతి దాని మెడమీద రాసి లేదు. ఆ సందులో ముద్ద విషం చిమ్మి, హాయిగా నిద్రపోయింది. నిద్రలోనే దాని సత్తువ తిరిగొచ్చింది. నాది కక్కడం, రొప్పడం, విషానికి నీరసించడం. అది గుర్రు పెట్టడం.

"ఏంటే, పోట్లాడదా అది?"

"అక్కర్లేదండి. మీది మంచం పట్టేదాకా ఆగితే చాలు."

డేగ కూలింది. దిక్కు రెండు జానలు తేడా వచ్చిందని వాదించాను. దుర్గ వినలేదు. క్యాలెండరు ఇంకో కాగితం తిప్పి చూపించింది. దానిమీద నా పుంజు లెక్క ఉంది.

"వారంలో పక్కింటి పెట్ట గుమ్మం దాకా వచ్చి నాలుగుసార్లు అదిలించిందండి. నాలుగుసార్లూ మీ వీరుడు బకెట్టు వెనకే దాక్కున్నాడు."

అందుకే చెబుతున్నాను, రేపు దుర్గ స్నానానికి లేచేలోగా మీలో ఒకరు గంప పట్టుకుని రావాలి. పందేనికి దింపకూడదు, కూర వండకూడదు, ఇవి ఆవిడ షరతులు. బాదంపప్పు నేను పంపిస్తాను. ఎవరూ రాలేదో, పుంజుని చంకన పెట్టుకుని నేనే వచ్చి మీ స్నానాలగదిలో కూర్చుంటాను.