మూడు రాష్ట్రాలకూ ఒకటే తుపాకి

భీమరాజు ఆ రోజు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి బయలుదేరాడు. దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో డేరాలు, వేట సామాన్లు అమ్మే కంపెనీ గోదాములో పెట్టెలెత్తే మనిషికి ఇస్త్రీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నిర్మల్ దగ్గరి ఊళ్లో అతని భార్య మాలతికి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. వచ్చే వారమే తొట్టెల పండుగ. కూతుర్ని ఇంతవరకు ఫోన్లో తప్ప చూడలేదు. మేనేజరు జగన్మోహనరావు గారు ఛుట్టీ కాగితం మీద సంతకం పెడితే విమానమెక్కుతాడు, లేకపోతే జోలపాట కూడా ఫోన్లోనే వింటాడు. అందుకే ఆ ఇస్త్రీ. రావుగారు చాన్నాళ్లుగా "చూద్దాం" అంటున్నారు. ఆయన చూద్దామన్న పనిని ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఆ రోజు మాత్రం రావుగారే ఎదురొచ్చారు.

"రావోయ్ భీమరాజూ! నీకోసమే చూస్తున్నాను. మీ తాత పెద్ద వేటగాడనీ, పులిని కొట్టాడనీ చెబుతుంటావు కదా?"

భీమరాజు ఇరుకున పడ్డాడు. నిజానికి వాళ్ల తాత జొన్నచేలో మంచె ఎక్కి, రేకు డబ్బా వాయించి అడవిపందుల్ని తరిమేవాడు. పనివాళ్లుండే క్యాంపు కబుర్లలో ఆ డబ్బా మెల్లమెల్లగా తుపాకి అయింది, పంది పులి అయింది. ఇప్పుడు మాట మారిస్తే ఛుట్టీకి నీళ్లు వదులుకోవాలి.

"అవ్ సార్. మస్తు షికారు జేసెటోడు," అన్నాడు.

"బతికించావు! అర్బాబు అమెరికాకి వేటకెళ్తున్నారు. గొట్టం మూతిలోంచి మందు కూరే పాతకాలం తుపాకి ఉంటుంది చూడు, దాంతోనే వేటాడతారట. అక్కడి ఫ్రెండే కొనిపెడతాడు. ఏది కొనాలో మనం చెప్పాలి. తిరిగేది మూడు రాష్ట్రాలు. ఒకచోట దుర్భిణి బిగించకూడదు. ఒకచోట చెకుముకి రాయితోనే నిప్పు పుట్టాలి. ఇంకోచోట మందు పొడిగా పోయాలి గానీ బిళ్లలు వెయ్యకూడదు. మూడింటికీ చెల్లే తుపాకి ఒకటి కావాలి. మధ్యాహ్నం ఆయనొచ్చేలోగా తేల్చెయ్. నీ ఛుట్టీ సంగతి ఆ తర్వాత చూద్దాం."

అర్బాబంటే యజమాని. ఆయన మాటకు ఎదురు చెప్పడం రావుగారి జాతకంలో లేదు. తుపాకికి ముందేదో వెనకేదో రావుగారికి తెలియదు, భీమరాజుకీ తెలియదు. తనకు తెలియదని ఒప్పుకునే రకం ఇద్దరిలో ఒక్కరూ కారు.

వాళ్ల ఊళ్లో ఒకప్పుడు ఇలాంటి తుపాకులుండేవి. భర్మార్లనేవారు. నాయనమ్మ సమ్మవ్వ చూసే ఉంటుందని భీమరాజు పెట్టెల వెనక్కి వెళ్లి ఫోన్ కలిపాడు.

"అవ్వా, భర్మారు తుపాకి ఎట్లుంటది? జర జల్ది చెప్పు, ఇయ్యాలనే కావాలె."

"తుపాకి నీకెందుకు బిడ్డా?"

"ఛుట్టీ దొరకాలంటె తుపాకి తప్పదే అవ్వా. ఎవ్వలకు చెప్పకు."

అవతల ఫోన్ కట్టయింది. దానికి కారణముంది. పిల్ల పేరు విషయంలో భీమరాజుకూ మాలతి తమ్ముడు అంజికీ ఈ మధ్యనే గొడవైంది. తమ తల్లి పేరు, కుసుమకుమారి అని పెట్టాలని అంజి పట్టు. "నేనొచ్చినంక చెప్త నీ సంగతి," అని భీమరాజు ఫోన్లో అరిచాడు. ఇప్పుడేమో తుపాకి అడుగుతున్నాడు! ఎవ్వరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి సమ్మవ్వ మాలతికి మాత్రమే చెప్పింది. మాలతి అంజికి మాత్రమే చెప్పింది. అంజి గదిలో దూరి గడియ పెట్టుకుని, దుబాయ్‌లో భీమరాజు రూములోనే ఉండే ఖాదర్ హుస్సేన్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, ఛుట్టీ దొరకాలంటె తుపాకి తప్పదన్నడట మా బావ! జర ఆపుండ్రి!"

కడపవాడైన ఖాదర్ హుస్సేన్‌కు పేరు గొడవ తెలియదు. ఛుట్టీ ఇవ్వనిదెవరో మాత్రం బాగా తెలుసు. అదే గోదాములో తాను నడిపే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడిదక్కడ వదిలేసి రావుగారి అద్దాల క్యాబిన్‌లోకి పరిగెత్తాడు.

"సార్, భీమరాజు తుపాకి కోసరం ఊరికి ఫోన్ చేసినాడంట. ఛుట్టీ కావాలంటే అదొకటే దారి అనినాడంట. మీరు రోంత జాగర్తగా ఉండండి సార్!"

తుపాకి పని అప్పజెప్పింది తానేనని రావుగారికి గుర్తొచ్చింది. దాంతో ధైర్యం రావలసింది పోయి ఉన్నది కూడా పోయింది. "అయ్యయ్యో, కొరివితో తల గోక్కున్నానే!" అని తలుపుకు తాళం వేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే భీమరాజు ఆ వైపు వచ్చాడు. తుపాకి పొడవు ఎంతుంటే భుజానికి బాగుంటుందో చూసుకుందామని పొడుగాటి డేరా గొట్టం ఒకటి భుజాన పెట్టుకుని మరీ వచ్చాడు. అద్దంలోంచి అది చూసి రావుగారు బల్ల కిందికి దూరారు. క్షణంలో తలుపు కిందినుంచి ఛుట్టీ కాగితం బయటికి జారింది, సంతకంతో సహా.

"భీమరాజు గారూ! మీరడిగిన దానికన్నా ఎక్కువ రోజులే రాశాను! కాస్త శాంతంగా ఉండండి!"

గారూ అనడం విని, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని భీమరాజు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. కాగితం చదివాక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ తిట్టుకున్నానే అనుకున్నాడు. ఇక తుపాకి తేల్చకపోతే అన్యాయమనిపించింది.

ఇంతలో సమ్మవ్వే ఫోన్ చేసింది. పక్కన మాలతి ఏడుస్తోంది. భీమరాజు అర్బాబు వేట, మూడు రాష్ట్రాల రూళ్లు మొదటినుంచి చెప్పుకొచ్చాడు.

"నీ తుపాకి మీద మన్నువడ! పానం వొయినంత పనైంది," అంది సమ్మవ్వ. "గింతదానికి గంత పరేషానా? ఒకలు నీసు తినరు, ఒకలు ఉల్లిగడ్డ తినరు, ఒకలు కారం తినరు. మూడు తీర్ల సుట్టాలొస్తె ఏం జేస్తం? మూడూ లేకుంట పప్పు వండుతం. అందరు తింటరు. రుచి మాత్రం అడగద్దు."

భీమరాజు తలుపు దగ్గరికి వెళ్లి చెప్పాడు. "సార్, దుర్భిణి లేకుంట, చెకుముకి రాయిది, పొడిమందు పోసేది తీసుకుంటె మూడు దిక్కుల నడుస్తది."

రావుగారు బల్ల కిందినుంచి లేచి, టై సర్దుకుని, ముందు గొట్టాన్ని కింద పెట్టించి ఆ తర్వాతే తలుపు తీశారు.

మధ్యాహ్నం అర్బాబు వచ్చాడు. సంగతి విని ముఖం వెలిగిపోయింది.

"మాషా అల్లా! ఇంత తేలిగ్గా ఎవరు తేల్చారు?"

"నేనేనండి," అన్నారు రావుగారు. "వేట మా వంశంలోనే ఉంది."

భీమరాజు ఛుట్టీ కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయితే యల్లా, పద! నువ్వూ నాతో వస్తున్నావు. ఈ తుపాకితో పేల్చిన ప్రతిసారీ పొడి పోయాలి, గుండు దట్టించాలి, రాయి తుడవాలి. ఆ మంచులో అదంతా తెలిసినవాడు నా పక్కన ఉండాలి."

రావుగారి ముఖం పాలిపోయింది. "అసలు... ఇదంతా మన భీమరాజు తెలివేనండి. వాళ్ల తాతగారు పులినే..."

అర్బాబు భీమరాజు చేతిలోని కాగితం తీసుకుని చూశాడు. "ఇతనికి ఛుట్టీ ఇచ్చావుగా? సంతకం నీదే. ఖలాస్."

తొట్టెల పండుగ నాడు అంజి ఎందుకైనా మంచిదని గుమ్మం బయటే నిలబడి, పేరు బావ ఇష్టమే అన్నాడు. కూతురు ఒళ్లో పడి వేలు పట్టుకున్నాక భీమరాజుకు పోట్లాడే ఓపిక లేకపోయింది. కుసుమకుమారి అని తానే పిల్ల చెవిలో చెప్పాడు.

అదే వారం అమెరికా నుంచి కంపెనీవాళ్లకు వచ్చిన ఫోటోలో అర్బాబు, తుపాకి, మంచు బాగా కనిపించాయి. సంచుల వెనక రావుగారి ముక్కు కూడా కొంత కనిపించింది.