హెడ్‌క్లర్కు గారు చిక్కిపోయారు

ఆ ఆఫీసు లిఫ్టు బరువెక్కువైందని గంట మోగిస్తే, లోపల ఎంతమంది ఉన్నా దిగవలసిన బాధ్యత హెడ్‌క్లర్కుదేనని సర్వసమ్మతంగా తేలిపోయింది. ఆయన మర్యాదస్థుడు గనుక, ముందు పొట్టను దింపి తరువాత తాను దిగేవాడు.

ఆ పొట్ట ప్రజల ఆస్తి. దాని మీద సలహా చెప్పనివాడు పాపాత్ముడు. చివరికి మోకాళ్లు మొరాయించాక ఆయన డాక్టరమ్మను ఆశ్రయించాడు. ఆవిడ పరీక్షలన్నీ చూసి, ఆకలి తగ్గించే మాత్ర రాసిచ్చింది.

"మాత్ర ఒక్కటే చాలదండీ. నడవాలి, తిండి మారాలి. నన్నడక్కుండా మానెయ్యకండి. మీ గుండె ఇక ఈ బరువు మొయ్యలేదు."

ఆయన భయపడి అన్నీ పాటించాడు. ఇలాంటి రోగి తగలడం డాక్టరమ్మకే కొత్త.

ఇంట్లో మాత్రం రెండో ముద్దకే ఆయన చెయ్యి ఆగింది. భార్య గరిటె గాల్లో ఆగింది.

"ఏం, నా వంట చేదయ్యిందా?"

"కాదే, ఆకల్లేదు."

కాపురానికొచ్చాక ఎన్నడూ వినని మాట! ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఆడపడుచుకి ఫోన్ చేసింది.

కొన్నాళ్లకు ఆయన ఆయాసం లేకుండా మెట్లెక్కసాగాడు. మోకాళ్లు మాట విన్నాయి. లోకం మాత్రం గొల్లుమంది. "షుగరా?" అన్నాడొకడు. "పిల్లలు స్థిరపడ్డారా?" అన్నాడు ఇంకొకడు. మేనేజరు సభ పెట్టి, "వారు మన సంస్థకే నిండుదనం తెచ్చినవారు. వారి కుర్చీ కోసం దయచేసి ఎవరూ అప్పుడే తొందరపడకండి," అని గద్గదస్వరంతో విన్నవించాడు.

"నాకే జబ్బూ లేదు మహాప్రభో! మందు వాడి తగ్గాను!" అని హెడ్‌క్లర్కు మొత్తుకున్నాడు.

"పాపం, పైకి చెప్పుకోలేకపోతున్నాడు," అని సభ నిట్టూర్చింది.

ఇంతలో చెల్లెలు మిఠాయి డబ్బాలతో దిగింది. అప్పుడే నడక ముగించి వస్తున్న అన్నను పట్టుకుని, "లేవగలుగుతున్నావా అన్నయ్యా?" అని భోరుమంది. "ఒక్కటి తిను, నా మీద ఒట్టు!"

ఆమె ఏడుపు ఆపడానికి ఆయన ఒకటి తిన్నాడు. చెల్లెలు పెడితే తిని తను పెడితే తినడేమని భార్య అలిగింది. ఆవిడ అలక తీర్చడానికి ఇంకొకటి తిన్నాడు. ఆ సాయంత్రమే వదినా ఆడపడుచూ, జన్మలో మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చి, మాత్రలన్నీ మురిక్కాలవలో పోశారు.

సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఆకలికైతే మందుంది గానీ, మీవాళ్లకు ఏం రాయమంటారు?"

ఏడాది తిరక్కుండానే మోకాళ్లు మళ్లీ మూలిగాయి. బంధువులంతా ఊపిరి పీల్చుకున్నారు. చెల్లెలు ఆయన్ను ఎగాదిగా చూసి, మురిసిపోతూ అంది:

"హమ్మయ్య, మనిషివయ్యావు అన్నయ్యా! ఇహ ఆ పొట్టొక్కటి కాస్త తగ్గించుకో."