వస్తా బటన్

మనుషుల్లో దయ కొరత లేదు, టైమే కొరత అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కలిసి తేల్చాయి. అందుకే తీరిక లేనివాళ్ల కోసం 'జరసేపు సేవ' యాప్ వచ్చింది. చాయ్ చల్లారేలోపు సేవ చేసెయ్యొచ్చు. చెప్పులు కూడా వేసుకోనక్కర్లేదు.

సాయం కావాల్సినవాళ్లు అందులో అడుగుతారు. కింద ఒకటే బటన్: 'వస్తా'. "'రాను' అని కూడా పెడితే ఎదుటివాళ్ల మనసు నొచ్చుకోదా?" అన్నాడు సేవా సమన్వయాధికారి రాందాస్. (ఆయన ఇంతవరకు ఎవరి మనసూ నొప్పించలేదు. ఆఫీసులో దొరికితే కదా.)

వేములపల్లి జానమ్మకు కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఎడమ కంటికి పొర కమ్మింది. గురువారం పొద్దున మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్. వెంట మనిషి ఉంటేనే చేస్తామన్నారు, ఇంకా ఆలస్యమైతే చూపు రాదన్నారు. పక్కింటి పిల్ల ఆమె తరఫున యాప్‌లో అడిగింది. బుధవారం సాయంత్రానికి నలభై మంది 'వస్తా' నొక్కారు.

గురువారం పొద్దున్నే ఎదురింటి ఆటో డ్రైవరు సేవ్యా బండి తెచ్చి వాకిట్లో ఆపాడు.

"ఎక్కు అవ్వా, గాడ నేనే ఉంట."

"వద్దు కొడుకా. నలభై మంది వస్తుండ్రు. ఇంత దూరం వచ్చినంక నేను లేకపోతే ఏమనుకుంటరు? చాయ్ గూడ పెట్టిన."

"గంత మందికి దేంట్ల పోస్తవే?"

"మీ ఇంట్ల గ్లాసులుంటే ఇచ్చిపో."

గ్లాసులిచ్చి అతను కిరాయికి పోయాడు. ఎండ నెత్తికొచ్చింది. చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరూ రాలేదు. ఆపరేషన్ టైమ్ దాటిపోయింది.

యాప్‌వాళ్లు 'వస్తా' నొక్కినవాళ్లను పిలిచి విచారణ జరిపారు.

"యాప్‌ల నుంచి బయటికి పోయేటందుకు నొక్కిన సార్," అన్నాడు సూర్యాపేట ప్రశాంత్. "పోయేటప్పుడు ఎవలన్న 'పోత' అంటరా? 'వస్త' అంటరు."

"వెళ్లేటప్పుడు 'వస్తానండి' అనడం మర్యాద కదండీ!" అంది కోదాడ ఉషారాణి. "పైగా మీరు పెట్టిన తలుపు అదొక్కటే."

నలభై మందీ మర్యాదస్తులేనని, వీడ్కోలును వాగ్దానమనుకోవడం జానమ్మ పొరపాటని రాందాస్ తేల్చాడు. అయినా పెద్ద మనసుతో, ఇంతమందిని సేవకు కదిలించినందుకు ఆమె ఫోన్‌కు ప్రశంసాపత్రం పంపాడు.

అది ఆమెకు కనబడలేదు. చదివి వినిపించే మనిషి కావాలని మళ్లీ యాప్‌లోనే అడిగించింది.

ఈసారి అరవై మంది వస్తామన్నారు.