మగ్గాలపల్లి కోరిన మాంటిస్సోరి

కరీంనగర్ జిల్లా మగ్గాలపల్లి ప్రపంచ పటంలోకి ఎక్కిందని మంత్రిగారు హైదరాబాదులో ప్రకటించారు. అప్పటికి ఆ ఊరు జిల్లా పటంలోకే ఎక్కలేదు. మంత్రిగారి మాట పెద్దది కాబట్టి సిగ్గుపడవలసింది జిల్లా పటమే.

"పట్నాల వాళ్లు నల్లాలు అడుగుతున్నారు. పల్లెల వాళ్లు బావులు అడుగుతున్నారు. ఒక్క మగ్గాలపల్లి నేతగాళ్లు మాత్రం మాంటిస్సోరి కావాలని అర్జీ పెట్టారు! తమ బిడ్డలకు ప్రపంచ జ్ఞానం కావాలి, అన్ని దేశాల సంస్కృతుల మీద ఆదరం కావాలి అంటున్నారు. ఆ అర్జీ చదివి నాకు కన్నీళ్లు ఆగలేదు" అన్నారు మంత్రిగారు. కన్నీళ్లతో సహా పత్రికలో అచ్చయింది.

ఆ పత్రికను పంచాయతీ సమితి అధ్యక్షుడు లక్ష్మీరాజం స్వయంగా నేతగాళ్ల వాడకు తెచ్చి చదివి వినిపించాడు. వినేవాళ్లలో అందరికంటె ముందు కూర్చున్నవాడు గట్టయ్య. ఆ అర్జీ పెట్టించింది అతనే. కాకపోతే అతను అడిగింది మాంటిస్సోరి కాదు, మంత్రసాని.

ఊరికి కాన్పులు చేసే భూమవ్వ రెండేళ్ల కింద కాలం చేసింది. ఆ తరువాత గట్టయ్య భార్య దేవవ్వ తొలిచూలు నొప్పులతో కచ్చురం ఎక్కి కరీంనగర్ దవాఖానకు బయలుదేరింది. బండి మానేరు దాటకముందే బిడ్డ చేజారింది. ఇప్పుడు దేవవ్వకు మళ్లీ ఐదో నెల. నెల తప్పిందని తెలిసిన రోజే, ఈసారి పెండ్లాన్ని ఆ బండి ఎక్కించనని గట్టయ్య రాజన్న దేవుని మీద ఒట్టు పెట్టుకుని, అర్జీలు రాసే సిద్దిరాములు దగ్గరికి పోయాడు.

సిద్దిరాములుకు ఉర్దూలో అర్జీ రాయడం వెన్నతో పెట్టిన విద్య. కానీ ఉర్దూ అర్జీల కాలం పోయింది. ఇంగ్లీషులో రాస్తే ఫైలు ఉరుకుతుందని విన్నాడు కాబట్టి ఇంగ్లీషులోనే రాశాడు. మంత్రసానిని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక ఆ ఒక్క మాటను ఇంగ్లీషు అక్షరాల్లో మంత్రసాని అనే ఉంచాడు. హైదరాబాదులో టైపు కొట్టే ఆయన దాన్ని చూసి, పాపం పల్లెటూరి వాళ్లకు స్పెల్లింగు రాదని జాలిపడి, దిద్ది మాంటిస్సోరి అని కొట్టాడు. అక్కడి నుంచి నలుగురు ఆఫీసర్లు చదివారు, నలుగురూ చలించిపోయి ప్రపంచ జ్ఞానమని, సంస్కృతులని తలొక మాట చేర్చారు.

"పటేలా, అయితె మంత్రసాని అచ్చినట్టేనా?" అని గట్టయ్య ఆశగా అడిగాడు.

"ఉత్త మంత్రసాని కాదురా, ఇంగ్లీషు మంత్రసాని! ఇంగ్లీషుల మంత్రసానిని మాంటిస్సోరి అంటరు. గిది సుత ఎర్కలేదా?" అన్నాడు లక్ష్మీరాజం. ఆయనకు తెలియని విషయమంటూ లేదు. తెలియనిది ఎదురైనప్పుడు ఆ సంగతి ఆయనకు తెలియదు.

"మరి గా ప్రపంచ జ్ఞానమేంది పటేలా?"

లక్ష్మీరాజం ఒక్క క్షణం ఆలోచించాడు. అంతకంటె ఎక్కువ ఆలోచించడం ఆయన హోదాకు తగదు. "పుట్టెటోడు ఏడికస్తడు? ప్రపంచంలకే గద! గా జ్ఞానం లేకుంటె కాన్పెట్ల చేస్తది?"

వాడంతా చప్పట్లు కొట్టింది.

రెండు నెలలకు హైదరాబాదు నుంచి పెట్టెలు దిగాయి. మగ్గాల సంఘం గదిలో వాటిని విప్పితే ముందు బయటపడింది గుండ్రటి భూగోళం. గట్టయ్య తల్లి పోచవ్వ దాని చుట్టూ తిరిగి, వేళ్లతో తట్టి చూసింది.

"గిది నిండు చూలాలి కడుపు. గీ నీలంగున్నయి నరాలు" అని తేల్చింది.

"మీదికెల్లి కింద దాక గీ గీతలేందే అవ్వా?" అని అడిగాడు గట్టయ్య.

"నెలల లెక్క. జర పక్కకు వంగున్నది సూడుండ్రి. బిడ్డ అడ్డం తిరిగింది. గసుంటి కాన్పు ఎట్ల చెయ్యాల్నో నేర్పుతరు."

తరువాత గులాబీ రంగు చెక్క దిమ్మెలు పది వచ్చాయి, ఒకదానికంటె ఒకటి పెద్దవి. అవి నెలనెలకు బిడ్డ ఎంత పెరగాలో చూసే కొలతలని ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది. సర్కారు ఇంత వివరంగా ఆలోచిస్తుందని గట్టయ్య కలలో కూడా అనుకోలేదు. సంతోషంతో ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు.

దేవవ్వకు ఎనిమిదో నెల నడుస్తుండగా సరోజన దిగింది. కరీంనగర్ పిల్ల. హైదరాబాదులో మూడు నెలల ట్రెయినింగ్ అయి వచ్చింది. తెల్లచీర, చేతికి గడియారం చూసి ఆడవాళ్లు తృప్తిపడ్డారు. మొదటిరోజే దేవవ్వ సంఘం గదికి వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"పాపకెన్నేండ్లక్కా?" అంది సరోజన, రిజిస్టరు తెరిచి.

"ఇంకా రాలే తల్లీ. అచ్చే నెలల అస్తది."

ఎవరో చుట్టాలింట ఉన్న పిల్ల కాబోలు అనుకుంది సరోజన. "ఫికర్ లేదు. మేం రెండున్నర ఏండ్లు నిండినంకనే తీసుకుంటం."

దేవవ్వ కడుపు పట్టుకుంది. "రెండున్నర ఏండ్లా! అందాక నా తాననే ఉంచుకోవాల్నా?"

"తల్లి దగ్గర ఉండకుంటె ఇంకెక్కడుంటరక్కా?"

"మరి తీసుకునేటప్పుడు బగ్గ నొప్పైతదా?"

"నొప్పెందుకు? మా పద్ధతిల బలవంతం లేదు. బిడ్డ తనంతట తనే ముందుకు రావాలె. మేం చెయ్యి పెట్టం. పక్కన కూసోని గమనిస్తం, బుక్కుల రాసుకుంటం."

దేవవ్వ ఇంటికి వచ్చి మగని మీద విరుచుకుపడింది. "ఏందయ్యా నువ్వు తెప్పిచ్చిన మంత్రసాని? చెయ్యి పెట్టదట! పక్కన కూసోని సూస్తదట! గంత దానికి మీ అవ్వ లేదా?"

గట్టయ్య అప్పటికప్పుడు సంఘం గదికి పోయి అడిగాడు. సరోజన రిజిస్టరు మూసేసింది. "అయ్యో, నేను పిల్లలకు ఆటల మీద చదువు చెప్పెటామెనన్నా. కాన్పు ఎన్నడు కండ్ల సూడలే."

గట్టయ్య సమితి ఆఫీసుకు ఉరికాడు. "పటేలా, గామె మంత్రసాని కాదట! పంతులమ్మట!"

"నాకు మొదట్నుంచే తెలుసు" అన్నాడు లక్ష్మీరాజం. మంత్రిగారి రాక గురించిన కాగితంలో బడి అని చదివి పావుగంట కూడా కాలేదు. "అయితె ఏందంటవ్?"

"మంత్రసానిని పంపుమని మళ్ల రాయుండ్రి. నెలలు నిండుతున్నయి."

"పదిహేనో తారీఖు మంత్రిగారే స్వయంగ అస్తుండు బడి తెరువ. ఆయన ముంగట మేమడిగింది గిది కాదంటె ఊరి పరువేం గావాలె? మంత్రి అచ్చి పోయిందాక ఆగుమను."

"ఎవల్ని?"

"నీ పెండ్లాన్ని."

"గదెట్ల ఆగుతది పటేలా?"

"రోడ్డు ఆగుతలేదా? కరెంటు ఆగుతలేదా? దేశంల అందరాగుతుండ్రు. ఆమె ఒక్కతె ఆగలేదా?"

గట్టయ్య తిరుగుముఖం పట్టాడు. ఇంత దేశభక్తిని ఎదిరించే మాట నేతగాళ్ల వాడలో ఇంకా పుట్టలేదు.

పదిహేనో తారీఖున ఎండ నిప్పులు చెరుగుతోంది. బడిగా మారిన సంఘం గది ముందు పందిరి కింద మంత్రిగారు, పందిరి బయట ప్రపంచం. వాడ పిల్లలు తలొక దేశం వేషం కట్టి వరుసగా నిలబడ్డారు. రష్యా గొంగడి కప్పుకుని చెమటలు కారుస్తోంది. జపాన్ నడుముకు ఎర్ర అంచు పంచె చుట్టారు. ఇండియా చేతిలో ఉన్న బెల్లం ముక్కను ఇంగ్లండు గుంజుకుంది, ఇండియా ఏడ్చింది. సరోజన అడ్డు రాలేదు. పద్ధతి ప్రకారం గమనించి రాసుకుంది.

సరిగ్గా అప్పుడే దేవవ్వకు నొప్పులు మొదలయ్యాయి. గట్టయ్య మంత్రిగారి జీపు దగ్గరికి ఉరికాడు. డ్రైవరు మంచివాడు, తాళం కూడా తిప్పాడు. లక్ష్మీరాజం వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మంత్రిగారు పొద్దుగూకకముందు ధర్మపురి దర్శనానికి పోవాలె. నీకు దిమాక్ ఉందారా? జీపుకు పూలదండలు సుత కట్టినం!"

"పటేలా, మీ కాల్మొక్త. పోయినసారి బండ్లనే బిడ్డను పోగొట్టుకున్న. గీసారి పెండ్లాం సుత పోతదేమో" అన్నాడు గట్టయ్య. ఊళ్లో అంత పెద్ద పండుగ జరుగుతుంటే అతను మాత్రం జీపు తలుపు పట్టుకుని ఏడ్చాడు.

"మంత్రి మాట్లాడుతుండు, మెల్లగ ఏడ్వు" అన్నాడు లక్ష్మీరాజం.

ఆడవాళ్లు దేవవ్వను బడి గదిలోకి మోసుకుపోయారు. ఊళ్లో పైనుంచి పెంకు ఊడిపడని గది అదొక్కటే. లోపలి నుంచి పెద్ద కేక వినిపించింది. మంత్రిగారు అది ఏదో దేశపు జానపద గీతమనుకుని, ప్రసంగం ఆపి, కళ్లు మూసుకుని తల ఊపారు. ఇతర సంస్కృతులను ఆదరించడంలో ఆయన తరువాతనే ఎవరైనా. వేదిక మీది ఆఫీసర్లు కూడా తల ఊపారు.

సరోజన మాత్రం నోటుబుక్కు పారేసి లోపలికి ఉరికింది. కాగితం జెండాలు కత్తిరించే కత్తెరను సలసల మరిగే నీళ్లలో వేసింది. ఎవరో మగ్గం మీది నూలు తెంపి తెచ్చారు. పోచవ్వ తనకు తెలిసినంత చేసింది. తెలియని చోట రాజన్నకు మొక్కింది.

"ప్రపంచంలో ఏ మూల ఏ బిడ్డ ఏడ్చినా మగ్గాలపల్లికి వినిపించాలి!" అని మంత్రిగారు గొంతెత్తారు. వినిపించింది.

పోచవ్వ గడపలోకి వచ్చింది. "ఆడివిల్ల! తల్లి, బిడ్డ పాణంతోని ఉన్నరు." గట్టయ్య ఉన్నచోటనే చతికిలబడి, మంత్రి ముందని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చాడు.

మంత్రిగారు పరమానందభరితులయ్యారు. బిడ్డను చేతిలోకి తీసుకుని, రాష్ట్రంలోకెల్లా చిన్న మాంటిస్సోరి విద్యార్థిని అని ప్రకటించి, ఫోటో తీయించుకున్నారు. గట్టయ్య కళ్లు తుడుచుకుని లేచి ఆయన ముందు నిలబడ్డాడు.

"సారూ, మేమడిగింది మంత్రసాని. మీకు మాంటిస్సోరని చేరింది. గీసారి దేవుని దయతోని గట్టెక్కినం. మళ్లొకల్లు గట్టెక్కుతరో లేదో. ఒక్క మంత్రసానిని పంపుండ్రి."

"ఇంతేనా! ఈ సంగతి నేనే స్వయంగా పరిశీలిస్తాను" అన్నారు మంత్రిగారు, అతని భుజం తట్టి. అన్నమాట తప్పే మనిషి కాదు. నిజంగానే పరిశీలించారు. మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. సిద్దిరాములు దాన్ని సంఘం అరుగు మీద చదివాడు.

"మగ్గాలపల్లి గ్రామంలో గౌరవనీయులైన మంత్రిగారి సమక్షంలో, మంత్రసాని సాయం ఏమాత్రం లేకుండా, సుఖప్రసవం జరిగినట్లు ఫోటోతో సహా రుజువైనందున, సదరు గ్రామానికి మంత్రసాని అవసరం లేదని ప్రభుత్వం సంతృప్తితో తెలియజేస్తున్నది."

పక్కింటి లచ్చయ్య తల పట్టుకున్నాడు. అతని పెండ్లానికి ఏడో నెల. "ఇగ మా గతేందే గట్టయ్యా? మళ్ల కచ్చురమేనా?"

గట్టయ్య ఆ ఉత్తర్వును మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు. తరువాత, "సిద్దిరాములన్నా, కలం తియ్యి. తెలుగుల్నే రాయి" అన్నాడు.

"మంత్రిగారి సమక్షంల కాన్పు సుఖంగ అయితదని తమరే రుజువు చేసిండ్రు. మా లచ్చయ్య పెండ్లానికి కార్తీకంల నెలలు నిండుతయి. మంత్రసాని ఎట్లాగు అక్కరలేదన్నరు గనుక, గా దినాలల్ల మంత్రిగారినే పంపుండ్రి. పందిరి మేమే ఏస్తం, దండలు మేమే తెస్తం."

ఈసారి ప్రభుత్వం ఒక్క గడియ ఆలస్యం చేయలేదు. తొమ్మిదో రోజునే సమితి ఆఫీసుకు తంతి వచ్చింది. మంత్రిగారు తప్పక విచ్చేస్తారు. వారి వీలును బట్టి కాన్పు తేదీ తరువాత తెలియజేయబడుతుంది.